బొట్టు పెట్టిన మైకు

ఆ రోజుల్లో నాకు నా గొంతు మీద ఉన్నంత నమ్మకం ఇప్పుడు దేని మీదా లేదు. ఉద్యోగం మీద లేదు, జుట్టు మీద అసలే లేదు. అప్పుడే డిగ్రీ అయిపోయి ఒక ప్రైవేటు ఆఫీసులో చేరాను. కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరెవరి చిరునామాలో ఎక్కించే పని. దానికి వేళ్లుంటే చాలు, గొంతుతో అవసరం లేదు. పొద్దున్నే "గుడ్ మార్నింగ్ సార్" అనడం, సాయంత్రం "వెళ్లొస్తా సార్" అనడం, ఈ రెంటి మధ్య నా అపురూపమైన కంఠం ఊరికే పడి ఉండేది. అపురూపమైనదని ఎవరు చెప్పారంటారా? మొఘల్‌పురాలో మా గల్లీ గణేశ్ మండపం చెప్పింది. ప్రతి ఏడూ నవరాత్రుల్లో మండపం మైకు నా చేతిలోనే ఉండేది. "తెల్ల స్కూటర్ ఎవరిదో గని జల్ది తియ్యాలె", "పచ్చ గౌనేసుకున్న పాప ఏడుస్తున్నది, వాళ్ల అమ్మ యాడున్నా మండపం కాడికి రావాలె" అని నేను గర్జించగానే స్కూటర్లు కదిలేవి, తల్లులు పరుగెత్తుకొచ్చేవారు. మండపం పెద్దమనిషి ఒకాయన నా భుజం తట్టి, "నీ ఆవాజ్‌ల దమ్మున్నది రా, రేడియోల ఉండాల్సినోనివి" అన్నాడు. (ఆయన ఆ మాట అన్నది నన్ను అక్కడే ఇంకాసేపు నిలబెట్టి తాను అన్నానికి పోవడానికని నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు.)

అటువంటి సమయంలో నా ఫోన్‌కు ఒక ప్రకటన వచ్చింది. చూపు లేని విద్యార్థుల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసి ఇచ్చే వాలంటీర్లు కావాలని. జీతం లేదు, భత్యం లేదు, గొంతుంటే చాలు. చదివి నాకు ఒళ్లు పులకరించింది. సమాజానికి సేవ చేద్దామన్న కోరిక ఎంతో, నా గొంతును సమాజానికి వినిపిద్దామన్న కోరిక ఎంతో విడదీసి చెప్పమంటే ఇప్పుడైనా చెప్పలేను గానీ, రెండోదే కొంచెం బరువుగా ఉండేదనుకుంటాను. వెంటనే పేరిచ్చాను. మరునాడే వాట్సాప్ గ్రూపులో చేర్చారు.

ఆ గ్రూపులో సౌండ్ విషయాలన్నీ చూసుకునే పెద్దమనిషి ఒకరుండేవారు. మేమంతా ఆయనకు చాటుగా పెట్టుకున్న పేరు డెసిబెల్ సార్. ఊరికి ఆ చివర, చెట్లూ మొక్కలూ ఉన్న కాలనీలో, కాకి కూడా అడిగి అరిచేంత ప్రశాంతమైన ఇంట్లో ఉండేవారు. వాలంటీర్లు పంపిన ప్రతి ఫైలూ ఆయన చెవుల గుండా పోవాలి. ఆయన పాస్ చేస్తేనే అది విద్యార్థికి చేరుతుంది. పాస్ చేయడమంటే ఆయనకు ప్రాణం పోయినంత పని. తాను స్వయంగా చదవడానికి తీసుకున్న పుస్తకం ఏళ్ల తరబడి ముందుమాట దగ్గరే ఆగిపోయి ఉందని, ఆ ముందుమాటను తానే పదేపదే ఫెయిల్ చేసుకుంటున్నారని పాత వాలంటీర్లు చెప్పుకునేవారు.

నాకు అప్పగించిన పుస్తకం పోటీ పరీక్షల చరిత్ర పుస్తకం. దాన్ని వినాల్సిన మనిషి జహనుమాలో ఉండే ఒక అక్క. నాకన్నా ఐదారేళ్లు పెద్ద. పుట్టుకతోనే చూపు లేదు. ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద ఫోన్లు ఎత్తే పని చేస్తూ సర్కారు కొలువు పరీక్షకు తయారవుతోంది. ఇంతకు ముందు చదివి వినిపించే తమ్ముడు కొలువొచ్చి వేరే ఊరు వెళ్లిపోయాడు. ఫోన్‌లో చదివి వినిపించే యాప్ ఉంది గానీ అది తెలుగు ఒత్తుల దగ్గరికి రాగానే పళ్లూడిన మనిషిలా తడబడేది. మొదటి రోజే ఆమె నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, ఎంత జల్ది అయితే గంత జల్ది సదువు. వచ్చేసారికి నా ఏజ్ దాటిపోతది. గిదే ఆఖరి పరీక్ష నాకు."

"ఫికర్ చెయ్యకు అక్కా, నేనున్న గదా" అన్నాను, మండపం గొంతుతో. ఆమె ఫోన్‌ను చెవికి కొంచెం దూరం పెట్టి ఉంటుంది.

ఇక మైకు. కోఠికి పోయి దుకాణాలన్నీ తిరిగి, నల్లగా, నిలువుగా, తలకాయంతా జాలీ ఉన్న ఒకదాన్ని పట్టుకున్నాను. పెళ్లిళ్లలో, మండపాల్లో చేత పట్టుకునేలాంటిది కాదు, బల్ల మీద దానంతటదే నిలబడేది. చుట్టూ తిప్పి చూస్తే అన్ని వైపులా ఒకటే జాలీ. "దీనికి ఎటు మాట్లాడాలె భాయ్?" అని దుకాణమాయన్ను అడిగాను. ఆయన పాన్ నములుతూ, "కిధర్ సే భీ బోలో మియా, ఆవాజ్ జబర్దస్త్ ఆతీ" అన్నాడు. ఎటునుంచైనా మాట్లాడు, మోగిపోతుందని. అమ్మేవాడి మాట వేదవాక్కు అనుకునే వయసు అది.

ఇంటికి తీసుకొచ్చి బల్ల మీద పెట్టేసరికి మా అమ్మ పసుపు, కుంకుమ, అగరుబత్తులతో సిద్ధంగా ఉంది. మా ఇంట్లో కొత్తగా ఏ యంత్రం అడుగుపెట్టినా బొట్టు లేకుండా దాని స్విచ్చి వేయనివ్వదు. మిక్సీకి బొట్టుంది, ఇన్వర్టర్‌కు బొట్టుంది, మా బాపు బీపీ చూసుకునే మిషన్‌కు కూడా ఉంది. నీళ్లు చల్లబోతుంటే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపాను.

"మొఖమెటురా దీనికి?" అంది, మైకును పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు అటూ ఇటూ తిప్పుతూ.

"అన్ని దిక్కుల మొఖమేనంటమ్మా."

"గట్లెట్లుంటది? దేనికైనా మొఖం, ఈపు ఉండయా?" అని కాసేపు ఆలోచించి, ఒక వైపు ఎంచుకుని గుండ్రంగా, నిండుగా ఒక బొట్టు పెట్టింది. దండం పెట్టింది. నాచేత పెట్టించింది. బొట్టు పెట్టాక ఇక అనుమానమేముంది, అదే ముఖం. ఆ క్షణం నుంచి నేను కూర్చున్నప్పుడల్లా బొట్టు నావైపు ఉండేట్టు భక్తిగా తిప్పుకుని కూర్చునేవాణ్ణి. నా బల్ల గల్లీలోకి తెరుచుకునే కిటికీ కింద ఉండేది. ఇటు నేను, అటు కిటికీ, మధ్యలో మైకు.

మొదటి రికార్డింగ్ ఎట్లా మొదలైందో చెబితే మీరు నవ్వుతారు. ముందు మైకును వేలితో మూడుసార్లు కొట్టాను. తర్వాత ఉఫ్, ఉఫ్ అని ఊదాను. తర్వాత "హలో, హలో, మైక్ చెక్" అన్నాను. అప్పుడు గాని నాకు పుస్తకం కనబడలేదు. కాకతీయుల పాఠమంతా స్కూటర్లు తీయించే గొంతుతో చదివి, పరవశించి, విన్నాను. నేను ఎక్కడో బావిలో పడి అరుస్తున్నట్టుంది. గల్లీ మాత్రం నా ఒళ్లో కూర్చున్నట్టుంది. ఎదురింటి కబూతర్ భాయ్ మిద్దె మీద పావురాలను పిలుస్తూ వేసే ఈల, ఆ పావురాల రెక్కల చప్పుడు, సందు చివర వెల్డింగ్ దుకాణం, అన్నీ ముత్యాల్లా వినబడ్డాయి. మొదటిసారి కదా, అలాగే ఉంటుందేమో అనుకుని పంపేశాను.

డెసిబెల్ సార్ సమాధానం ఆసుపత్రి రిపోర్టులా వచ్చింది. వాయిస్ చాలా దూరంగా ఉందట. నాయిస్ ఫ్లోర్ మరీ ఎక్కువగా ఉందట. మైకుకు దగ్గరగా రావాలట. అర్థమైన మాటలు దగ్గరగా రావడం, ఫ్లోర్. ఫ్లోర్ అంటే నేల గదా, చప్పుడు నేల నుంచి వస్తోందని తెలుసుకుని, ఇంట్లో ఉన్న షత్రంజీలు, జంపఖానాలు అన్నీ తెచ్చి గదిలో పరిచాను. అమ్మా బాపూ చెప్పుల్లేకుండా నడవాలని నియమం పెట్టాను. (వాళ్లు ఇంట్లో ఎప్పుడూ చెప్పులు వేసుకోరు. అయినా పెట్టాను. వెనకాల ఎప్పుడూ ఉండే రొదను నాయిస్ ఫ్లోర్ అంటారని చాలా తర్వాత తెలిసింది.) దగ్గరగా రమ్మన్నారు కాబట్టి జాలీకి ముక్కు ఆనేదాకా జరిగాను. ఫలితం ఏమిటంటే, మరునాడు ఆఫీసులో మా సూపర్‌వైజర్ నా ముక్కు వైపు చూసి, "ఏం బాబూ, పొద్దున్నే గుడికి పోయొచ్చినవా?" అన్నాడు. ముక్కు కొస మీద కుంకుమ. ఆ వారమంతా నాకు ఆఫీసులో మంచి దైవభక్తుడినని పేరొచ్చింది.

రెండో రిపోర్టులో గోడలు ప్రతిధ్వనిస్తున్నాయని, మెత్తటివేవైనా వేలాడదీయమని ఉంది. ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు చేసే ఇంటి పిల్లవాడొకడు నాకు దోస్తు. వాళ్లింటి వెనక గోనె సంచులు గుట్టగా ఉంటాయి. ఒక ఆటో నిండా తెచ్చి, తీగలు కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులతో నాలుగు గోడలకూ వేలాడదీశాను. గది బియ్యం గోదాములా తయారైంది. సంచులకు అంటిన సుద్ద రాలి నేను చదువుతూ చదువుతూ తుమ్మేవాణ్ణి. మూడో రిపోర్టు వచ్చింది: "క్లిప్పింగ్ వస్తోంది. ముందు అది తీసేయండి." ఆయనకు అంత దూరం నుంచి క్లిప్పుల సంగతి ఎలా తెలిసిందా అని భక్తితో వణికిపోయి, ఒక్కటొక్కటిగా క్లిప్పులన్నీ తీసేశాను. సంచులన్నీ నా నెత్తిన పడ్డాయి. గొంతు మరీ పెద్దగా పెడితే శబ్దం చిట్లిపోవడాన్ని క్లిప్పింగ్ అంటారని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటికి అమ్మ ఆ క్లిప్పులు మళ్లీ బట్టలకు పెట్టేసింది.

తర్వాత రూమ్ టోన్ అన్నారు. అంటే గదిలో ఎవరూ మాట్లాడకుండా, ఏ చప్పుడూ లేకుండా, ఊరికే కాసేపు నిశ్శబ్దాన్ని రికార్డు చేసి పంపాలి. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఏంది రా, నోరు తెర్వకుండ గిట్ల కూసున్నవ్?" అంది.

"సప్పుడు లేకపోవుడు రికార్డు చేస్తున్న అమ్మా."

"ఏమీ లేనిదాన్ని రికార్డు చేస్తరా! గదానికి కరెంటు దండుగ."

ఆమె మాట కూడా అందులో పడింది. మళ్లీ మొదలుపెట్టాను. కబూతర్ భాయ్ ఈల పడింది. మళ్లీ మొదలుపెట్టాను. మా గల్లీలో నిశ్శబ్దమనేది అసలు లేదని, ఒక చప్పుడు అలిసిపోయి కూర్చుంటే ఇంకోటి లేచి నిలబడుతుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆఖరికి ఒక ఆదివారం, ఎండాకాలం మధ్యాహ్నం, ఫ్యాను కట్టేసి, మైకుతో సహా రజాయి ముసుగేసుకుని, ఫోన్ వెలుతురులో కాకతీయులను చదివాను. చెమట కారి గణపతిదేవుడి మీద పడింది. మా బాపు ఒకసారి ముసుగెత్తి చూసి, మళ్లీ కప్పి, చాయ్ తాగడానికి హోటల్‌కు వెళ్లిపోయాడు.

నా అవస్థ చూడలేక అమ్మ రంగంలోకి దిగింది. "నువ్వు లోపల సదువు బిడ్డా. బయట నేను చూసుకుంట" అని కిటికీ బయట, గల్లీలో మా ఇంటి మెట్టు మీద పీట వేసుకుని కూర్చుంది. ఇక చూడండి. కూరగాయల బండి రాగానే, "ష్! ఒర్లకు! మా పోరడు రికార్డింగ్ చేస్తుండు!" బండివాడు నోరు మూసుకునేవాడు గానీ, ఏం రికార్డింగ్, ఎందుకు రికార్డింగ్ అని గుసగుసగా అడిగేవాడు. అమ్మ గుసగుసగా అంతా చెప్పేది. పక్కింటి ఖాలా బయటికొచ్చి, "క్యా హువా?" అనేది. అమ్మ ఆమెకు వాళ్ల భాషలో మళ్లీ మొదటినుంచి చెప్పేది. ఖాలాకు మనసు కరిగి, ఆమె కూడా గల్లీ ఆ చివర కాపలా నిలబడి, "ఆవాజ్ నక్కో కరో! బచ్చా పఢ్ రహా!" అని వచ్చేపోయే బండ్లకు కేకలు వేసేది. కబూతర్ భాయ్ ఈల మానేసి, చప్పట్లు కొట్టి పావురాలను దించడం మొదలుపెట్టాడు. గల్లీ అంతా నాకోసం ఒక్కటై నిశ్శబ్దాన్ని కాపాడింది. ఆ కాపాడే చప్పుడంతా మైకులో పడింది.

ఆ వారం వచ్చిన రిపోర్టు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. "ఒకచోట చప్పట్లు. ఒకచోట గ్యాస్ సిలిండర్ దించుతున్నారు. అంతటా ఒక స్త్రీ కంఠం ఉంది. ఆ కంఠం మాత్రం అద్భుతంగా రికార్డయింది. స్పష్టత, దూరం, లెవెల్ అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆమె ఎవరు? మన గ్రూపులో వాలంటీర్‌గా చేరతారేమో కనుక్కోండి."

నేను ఆ సందేశం అమ్మకు చదివి వినిపించలేదు. రేడియోలో ఉండాల్సినవాణ్ణి నేను. రజాయిలో ఉడికింది నేను. మెచ్చుకోలు బయట చిక్కుళ్లు గిల్లుకుంటూ కూర్చున్న మా అమ్మకు!

ఈ హడావిడిలో అసలు మనిషిని మర్చిపోయాను. ఒక సాయంత్రం జహనుమా అక్క ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

"తమ్మీ, పరీక్ష తారీఖు వచ్చేసింది. నాకింకా ఒక్క పాఠం గుడ రాలే. నీతోని కాకపోతే చెప్పు, ఏమనుకోను. ఇంకెవరినన్న అడుక్కుంట."

"సదివిన అక్కా, మస్తు సదివిన. అన్నీ సార్ దగ్గర ఫెయిలైతున్నయి. లొల్లి పడుతున్నది ఎనుకకెల్లి."

"లొల్లితోని నాకేంది? నేనేమన్న పాటల పోటీకి పోతున్ననా? ఎట్లున్నయో గట్లనే పంపు."

గ్రూపు నియమానికి విరుద్ధం. డెసిబెల్ సార్‌కు తెలిస్తే ఏమంటారో తెలియదు. అయినా ఉన్నవన్నీ, పావురాలతో, సిలిండర్లతో, తుమ్ములతో సహా, ఆ రాత్రే పంపేశాను. జీవితంలో నేను చేసిన కొద్దిపాటి తిరుగుబాట్లలో అది ఒకటి.

కొన్నాళ్లకు ఆమె మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి నవ్వు ఆపుకుంటున్నట్టుంది.

"ఒక మాట అడుగుత తమ్మీ. మైకు నువ్వు పెట్టుకున్నవా, అమ్మకు పెట్టినవా?"

"నేనే పెట్టుకున్న అక్కా."

"మరి అమ్మ నా చెవుల కూసోని మాట్లాడుతున్నట్టున్నది. గాజులామె వస్తే, గాజు చేతికెక్కే సప్పుడు గుడ నాకు వినవడ్డది. నువ్వు మాత్రం గోడెనుక దాక్కోని సదువుతున్నట్టున్నవ్. నాకేమనిపిస్తున్నదంటే, మీ మైకు గల్లీ దిక్కు మొఖం పెట్టి కూసున్నది, నీకు ఈపు జూపెడుతున్నది. జర మర్లేసి చూడు."

ఫోన్ పెట్టేసి మైకు వైపు చూశాను. బొట్టు నావైపే ఉంది, నిండుగా, ప్రసన్నంగా. దాన్ని వెనక్కి తిప్పాలంటే నిజంగా చెయ్యాడలేదు, దేవుడి పటాన్ని గోడవైపు తిప్పుతున్నట్టనిపించింది. కళ్లు మూసుకుని తిప్పేశాను. అటువైపు చిన్న అక్షరాల్లో కంపెనీ పేరుంది. ఒక్క వాక్యం చదివి విన్నాను.

గల్లీ వెనక్కి పోయింది. పావురాలు ఎక్కడో ఆకాశంలోకి పోయాయి. నేను వచ్చాను. అంత దగ్గరగా వచ్చేసరికి మొదట భయపడ్డాను. ఆ తర్వాత విచారపడ్డాను. ఎందుకంటే అందులో రేడియో లేదు, దమ్మూ లేదు. కొంచెం ముక్కుతో మాట్లాడే, ప్రతి వాక్యం చివర ఊపిరి చాలక తొందరపడే ఒక మామూలు కుర్రవాడు ఉన్నాడు. ఇన్నాళ్లూ బావిలో ఉన్నప్పుడే నా గొంతు బాగుందనిపించింది.

అమ్మను పిలిచి అడిగాను, "అమ్మా, బొట్టు ఇటు దిక్కెందుకు పెట్టినవ్?"

"అటు దిక్కు కంపెనోల్ల పేరున్నది గదరా. పేరు మీద బొట్టు పెడితే అది కానరాకుండ పోతది. రేపు చెడిపోతే వాపస్ తీస్కుంటడా వాడు?" అంది. నా తల్లి వారంటీ గురించి ఆలోచించింది.

"ఇది ఒక్క దిక్కే వింటదంట. ఎనుకకెల్లి మాట్లాడితే వినదంట."

"మీ బాపు తీర్గ" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

డెసిబెల్ సార్‌కు జరిగిందంతా రాశాను. చాలాసేపు 'టైపింగ్' అని కనబడింది. ఆఖరికి, ఎటు వింటుందో బొమ్మతో సహా ఒక పీడీఎఫ్ మొదటి రోజే పంపానని, చదవలేదా అని వచ్చింది. నిజమే, పంపారు. అందులో మైకు ఎటు ఎంత మేర వింటుందో చూపిస్తూ గుండె ఆకారంలో ఒక గీత ఉంది. అది చూసి సార్ పెళ్లిరోజు శుభాకాంక్షల కార్డు పొరపాటున మా గ్రూపుకు పంపారేమో అనుకుని, నేను దానికింద "హ్యాపీ యానివర్సరీ సార్" అని పెట్టాను. నలుగురు పువ్వులు కూడా పెట్టారు.

ఇక మిగిలిన పాఠాలు. రజాయి తీసేశాను, సంచులు ధూల్‌పేటకు తిరిగి వెళ్లాయి, ముక్కు మీద కుంకుమ లేదు కాబట్టి ఆఫీసులో నా భక్తి తగ్గిందని చెప్పుకున్నారు. ఆఫీసు నుంచి రాగానే కూర్చుని చదివేవాణ్ణి. పాతవన్నీ శుభ్రంగా మళ్లీ చదివి ఇవ్వనా అక్కా అని అడిగితే, "వద్దు, ముందటికి పో, టైం లేదు" అంది. ముందుకే పోయాను. పరీక్ష ముందు రోజు సాయంత్రానికి ఆఖరి పాఠం కూడా నేరుగా ఆమెకే చేర్చాను. పరీక్ష అయిపోయిన తర్వాతి వారం డెసిబెల్ సార్ నుంచి సందేశం వచ్చింది. మైకు తిప్పాక నేను చదివిన మొదటి పాఠం చిన్నచిన్న సవరణలతో పాసయిందని, విద్యార్థికి పంపవచ్చని.

కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున అక్క ఫోన్. ఫలితం వచ్చిందని ఆమె గొంతులోనే తెలిసిపోయింది. నాకు కాళ్లు ఆగలేదు, గదిలోనే అటూ ఇటూ తిరిగాను. "కొలువొచ్చింది తమ్మీ! నీకు తర్వాత చెప్త గని, ముందు అమ్మకియ్యి ఫోన్" అంది. స్పీకర్ పెట్టాను.

"అమ్మా, పరీక్షల రామప్ప గుడి కట్టించిన సేనాపతి ఎవరని వచ్చింది. నా జవాబులు రాసిపెట్టేటందుకు పక్కనున్నామె ప్రశ్న సదివి వినిపిస్తున్నది, నాకు ఒక్కసారిగ ఏమీ యాదికొస్తలేదు. గంతల మీ గొంతు వినవడ్డది. 'నిమ్మలంగ దించు బిడ్డా, నిమ్మలంగ! మావోడు మంచి ముచ్చట చెప్తుండు' అని గ్యాస్ సిలిండర్ తెచ్చినోనితోని అన్నరు గదా. గా ఎనుక తమ్ముడు దూరంకెల్లి 'రేచర్ల రుద్రుడు' అన్నడు. గట్లనే పెట్టించిన జవాబు. గట్ల ఎన్ని యాదికొచ్చినయో! గాజులామె ఉన్న కాడ ఒకటి, మీరు ఖాలాతోని మాట్లాడిన కాడ ఒకటి."

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నేనేం జేసిన బిడ్డా? ఊకె లొల్లి జెయ్యకుండ్రి అన్న, గంతే" అంది.

"మరి శుభ్రంగా చదివిన పాఠాలో అక్కా?" అని నేను ఆశగా అడిగాను.

"అవి గుడ మంచిగున్నయి తమ్మీ" అంది అక్క, ఎంతో మర్యాదగా. "ఇంటుంటె జర నిద్రొస్తది, గంతే."

ఇదంతా జరిగి ఏళ్లయింది. ఇప్పుడు డెసిబెల్ సార్ చేసిన పని చేసేది నేనే. కొత్త వాలంటీర్లకు మైకు ఎలా పెట్టుకోవాలో, ఎంత దూరంలో కూర్చోవాలో నేర్పుతాను. నాకు చాటుగా వాళ్లు ఏం పేరు పెట్టుకున్నారో తెలియదు, పెట్టుకునే ఉంటారు. మొదటి పాఠంగా కంపెనీ పేరున్న వైపు ఒక చిన్న బొట్టు పెట్టమంటాను. బొట్టు పెట్టడం ఇష్టం లేనివాళ్లు ఒక చుక్క స్టిక్కర్ అంటించుకుంటారు. చుక్క మీవైపు ఉండాలి, అంతే శాస్త్రం అంటాను. ఇప్పుడు రికార్డింగులకు, గోడలకు చప్పుడు పీల్చే ఫోమ్ పలకలు అంటించిన ఒక గది ఉంది. అందులో రూమ్ టోన్ తీస్తే ఏమీ వినబడదు. అమ్మను ఒకసారి తీసుకెళ్లి చూపిస్తే, "ఏందో రా, చెవులు దిబ్బడేసినట్టున్నది" అని వెంటనే బయటికొచ్చేసింది.

కొత్తవాళ్లకు తప్పులు చూపించడానికి నా మొదటి నెల ఫైళ్లలో ఒకటి వినిపిస్తాను. అందరూ నవ్వుతారు. పావురాల కోసం కొట్టే చప్పట్లు, ఖాలా కేకలు, అన్నీ అయ్యాక, చెవి పక్కనే ఉన్నంత స్పష్టంగా అమ్మ గొంతు, "ఇగ ఎవ్వరు మాట్లాడకుండ్రి. షురూ చెయ్యి బిడ్డా" అంటుంది. అప్పుడు ఎక్కడో దూరం నుంచి ఒక కుర్రవాడు లోకమంతా తన కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుందన్నంత ధీమాతో గర్జిస్తాడు, "అధ్యాయం ఒకటి!" ఆ చిన్న ముక్క మాత్రం లెవెల్ సరిచూసే వంకతో రెండోసారి పెడతాను.

మొన్న ఒక అమ్మాయి అడిగింది, "సార్, ఆ ముందున్న ఆంటీ గొంతు భలే ఉంది. వెనకాల అరుస్తున్నది ఎవరు సార్?"

"ఎవరో కొత్తబ్బాయి" అన్నాను. "గొంతు మీద మస్తు నమ్మకం ఉన్నట్టుంది."